నమ్మకానికి మందు నిజమే



అక్టోబరు 18వ తేదీన శ్రీసభ పునీత లూకాగారి పండుగను కొనియాడుతుంది. ఆయన సువిశేషకర్త. పునీత పౌలు కొలొస్సీయులకు వ్రాసిన లేఖ చివరలో ఆయనను ప్రియ వైద్యుడని పేర్కొన్నాడు. అందువల్లనే వైద్యులు ఆయనను తమ పాలక పునీతునిగా భావిస్తారు. ఈ పండుగ సందర్భాన, మన విచారణలలో కుటుంబాలు గురువులను తరచు అడిగే ఒక ప్రశ్నను సువిశేషపు వెలుగులో ధ్యానించుదాం: "ఆపరేషను చేయాలంటున్నారు ఫాదర్. ఈ డాక్టరుగారిని నమ్మవచ్చా?"

ఇలా అడగడం విశ్వాసలోపం కాదు. ఆపరేషను బల్లమీద పడుకున్న మనిషికి తన దేహంమీద అధికారం ఉండదు. తెలివి ఉండదు, మాట ఉండదు. తన ప్రాణాన్ని, ముక్కూ మొహం తెలియని ఒక మనిషి చేతిలో పెడతాడు. ఆ చేతికి చదువు ఉన్నదా, ఆ మనస్సులో దైవభయం ఉన్నదా అని ఇంటివారు తెలుసుకోగోరడం న్యాయమే.

ఇద్దరు సువిశేషకర్తలు చెప్పిన ఒకే కథ

పన్నెండేండ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీని గురించి మార్కు 5వ అధ్యాయంలో చదువుతాం. ఆమె ఎందరో వైద్యులచేత నానా బాధలు పడిందని, ఉన్నదంతా వారికే ధారపోసిందని, అయినా జబ్బు తగ్గకపోగా ముదిరిందని మార్కు దాపరికం లేకుండా వ్రాశాడు. అదే సంఘటనను లూకా 8వ అధ్యాయంలో వ్రాస్తూ, ఆమెను ఎవరూ స్వస్థపరచలేకపోయారని మాత్రం అన్నాడు. వైద్యులచేత బాధలు పడిన మాటగాని, జబ్బు ముదిరిన మాటగాని అక్కడ కనబడదు. వైద్యుడైన లూకా తోటివారి పరువు కాపాడాడని కొందరు వ్యాఖ్యాతలు చమత్కరిస్తారు.

ఆ రెండూ దైవవాక్యమే. శ్రీసభ రెండింటినీ మన చేతికిచ్చింది. వైద్యుని నిందించడానికి తొందరపడవద్దని లూకాను చూచి నేర్చుకుందాం. వైద్యుని చేతిలో రోగి పడిన బాధను కప్పిపుచ్చవద్దని మార్కును చూచి నేర్చుకుందాం.

పాత నిబంధనలో సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం వైద్యుని గౌరవించమని, అతనిని చేసినవాడు దేవుడేనని బోధిస్తుంది. జబ్బు చేసినపుడు ప్రార్థించమని చెబుతూనే, వైద్యునికి కూడా చోటివ్వమంటుంది. అదే అధ్యాయంలో మరొక మాట ఉంది. రోగాన్ని సరిగా గుర్తించే భాగ్యం దయచేయమని వైద్యులు కూడా దేవుని వేడుకుంటారట! అనగా వైద్యుడు పొరబడగలడని పవిత్ర గ్రంథానికి తెలుసు. అతడు దేవుడు కాదు, దేవుని సాయం కావలసిన మనిషి.

మన కళ్ళముందు జరిగినవి

2019 ఫిబ్రవరిలో హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో ఒక రోగికి ఎక్స్‌రే తీయగా, కొన్ని నెలల క్రితం అక్కడే జరిగిన ఆపరేషనులో వాడిన పట్టుకారు వంటి పరికరం కడుపులోనే ఉండిపోయినట్లు బయటపడింది. పేరు ప్రతిష్ఠలున్న ఆసుపత్రి, పెద్ద చదువులు చదివిన వైద్యులు. అయినా లెక్క తప్పింది.

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు ఆ తరువాత కొద్ది రోజులలోనే మరణించారు. అటువంటి ఆపరేషన్ల గురించి శ్రీసభ బోధన మనకందరికీ తెలిసినదే. అయితే చనిపోయినవారు చిన్నబిడ్డల తల్లులు. వారికొరకు దుఃఖించని హృదయం క్రైస్తవ హృదయం కాదు. పేదవారిని వరుసలో పడుకోబెట్టి, ఒకరి తరువాత ఒకరికి త్వరత్వరగా కత్తి పెట్టే శిబిరాలలో మనిషి దేవుని పోలికగా కనిపించడం మాని, ఒక సంఖ్యగా మారిపోతాడు. ఏ ఆపరేషనుకైనా ఈ మాట వర్తిస్తుంది.

పొరపాటు, నిర్లక్ష్యం, దాపరికం

ఇక్కడ మన జ్ఞానోపదేశం ఒక తేడాను స్పష్టంగా చూపుతుంది. చావైన పాపం కావాలంటే విషయం ఘోరమైనది కావాలి, చేసేవాడికి పూర్తి తెలివిడి ఉండాలి, పూర్తి సమ్మతి ఉండాలి. నేర్చుకోవలసినదంతా నేర్చుకుని, తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ తీసుకున్న తరువాత కూడా ఒక వైద్యుని చేయి తప్పితే, అది పొరపాటు. అది అతనికి జీవితాంతం బాధ కలిగించవచ్చుగాని, పాపం కాదు. తనకు చేతకాని ఆపరేషనుకు పూనుకోవడం, డబ్బుకొరకు అవసరంలేని కోత కోయడం, లెక్క చూడకుండా కుట్లు వేయడం, ఇవి నిర్లక్ష్యం. ఇవి ఐదవ ఆజ్ఞకు విరుద్ధం. జరిగిన తప్పును కప్పిపెట్టి, కేసుషీటు మార్చి, రోగి ఇంటివారికి అబద్ధం చెప్పడం మూడవది. ఇది ఎనిమిదవ ఆజ్ఞకు కూడా విరుద్ధం. ఒక తప్పు దాగినచోట అదే తప్పు మరొకరిమీద జరుగుతుంది.

దాపరికం ఎంత దూరం పోతుందో ఇంగ్లాండులోని బ్రిస్టల్ నగరం చూసింది. అక్కడి ఆసుపత్రిలో పసిబిడ్డల గుండె ఆపరేషన్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టరు గమనించాడు. లెక్కలు వ్రాసి పెట్టి పైవారిని హెచ్చరించాడు. ఏండ్ల తరబడి ఆయన మాటను ఎవరూ లక్ష్యపెట్టలేదు. చివరకు 2001లో దర్యాప్తు నివేదిక వెలువడింది. 1991 నుండి 1995 వరకు, ఏడాదిలోపు బిడ్డలు అక్కడ మరణించవలసిన దానికంటే 30 నుండి 35 మంది ఎక్కువగా మరణించారని అది అంచనా కట్టింది. అక్కడివారు దుర్మార్గులు కారని కూడా ఆ నివేదిక చెప్పింది. బిడ్డలపై ప్రేమ ఉన్నవారే. అయితే తమ పనిని తాము పరిశీలించుకోలేదు, చెప్పినవాని మాట వినలేదు. మంచి మనస్సు ఒక్కటే చాలదని దీనివల్ల తెలుస్తున్నది.

పాపసంకీర్తనానికి ముందు మనం ఏమి చేస్తాం? ఆత్మశోధన చేసుకుంటాం, పశ్చాత్తాపపడతాం, ఇక చేయనని ప్రతిజ్ఞ చేస్తాం, నోటితో ఒప్పుకుంటాం, ప్రాయశ్చిత్తం తీర్చుకుంటాం. ఆసుపత్రికి కూడా ఇదే దారి. ఏమి జరిగిందో నిజాయితీగా పరిశీలించాలి. రోగి ఇంటివారిని కూర్చోబెట్టి నిజం చెప్పాలి. మరొకరికి జరగకుండా పద్ధతి మార్చాలి. నష్టపోయినవారికి న్యాయం చేయాలి. ఇలా చేసిన ఆసుపత్రిమీద నమ్మకం పోదు, పెరుగుతుంది.

లెక్క చూసే వినయం

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషను థియేటర్లకొరకు 19 అంశాల పట్టిక ఒకటి ఇచ్చింది. మత్తు ఇవ్వకముందు ఒకసారి, కత్తి పెట్టకముందు ఒకసారి, రోగిని థియేటరునుండి బయటకు తేకముందు ఒకసారి ఆగి చూసుకోవాలి. ఈ రోగి ఎవరు? ఏ వైపు ఆపరేషను? సూదులు, గాజుగుడ్డలు, పరికరాలు లెక్క సరిపోయాయా? అక్కడున్నవారందరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో దీనిని వాడి చూడగా, మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి, ఇతర చిక్కులు నూటికి 11 నుండి 7కు తగ్గినట్లు 2009 జనవరిలో ప్రకటించారు.

ఇది చూడటానికి పచారీ కొట్టు చీటీ వంటిదే. ఇరవై ఏండ్ల అనుభవమున్న సర్జనుగారు కూడా దానిముందు ఆగాలి. నర్సమ్మ "ఒక గుడ్డ లెక్క తక్కువైంది సార్" అంటే విసుక్కోకుండా వెదకాలి. ఆ నర్సమ్మలలో అనేకులు మన విచారణల బిడ్డలే. వారు భయపడకుండా ఆ ఒక్క మాట చెప్పడం కూడా ప్రాణదానమే. పెద్దవాడు చిన్నవాని మాట వినడమే సువిశేషపు వినయం.

చదువు ఎక్కడ మొదలవుతుంది?

మంచి సర్జను తయారవడానికి ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర ఏండ్లు, ఆపై ఒక ఏడాది హౌస్‌సర్జన్సీ, ఆపై ఎం.ఎస్. మూడేండ్లు పడుతుంది. అయితే ఆ చదువు కాలేజీలో కాదు, మన ఇంటిలోనే మొదలవుతుంది. 2016లో తెలంగాణలో వైద్య ప్రవేశానికి జరిగిన ఎంసెట్-2 ప్రశ్నపత్రం ముందే బయటపడినందువల్ల పరీక్ష రద్దయి, సెప్టెంబరులో మరల జరిపారు. కష్టపడి చదివిన వేలాది బిడ్డలు కన్నీళ్ళు పెట్టుకున్నారు. దొంగ పత్రానికి డబ్బు ఇచ్చిన తల్లిదండ్రులు కూడా ప్రేమతోనే ఇచ్చి ఉండవచ్చు. అయితే వారు బిడ్డకు నేర్పిన మొదటి వైద్యపాఠం మోసం. పరీక్షలో అబద్ధం నేర్చినవాడు కేసుషీటులో నిజం వ్రాస్తాడని ఎలా ఎదురుచూస్తాం?

మరొక విషయం మరువరాదు. యువ వైద్యులలో చాలామంది కుట్లు వేయడం నేర్చుకునేది పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలో. అక్కడి రోగులు పేదవారు. పేదవాని దేహమే వారికి పాఠ్యపుస్తకం. పెద్ద డాక్టరు పక్కన నిలబడి చూడకుండా విద్యార్థికి కత్తి అప్పగిస్తే, ఆ పేదవానికి అన్యాయం జరిగినట్లే. ఆ పుస్తకం చదివి పైకి వచ్చిన ప్రతి వైద్యుడు పేదవారికి జీవితాంతం ఋణపడి ఉంటాడు.

ఈ విషయంలో మన గుంటూరు గడ్డకు గొప్ప ఆదర్శం ఉంది. ఆస్ట్రేలియాలో 1887లో పుట్టిన మేరీ గ్లౌరీగారు 1910లో మెల్బోర్నులో వైద్యపట్టా పొందారు. భారతదేశంలో వైద్యం లేక మరణిస్తున్న తల్లులను గురించి చదివి ఇక్కడకు రావాలని నిశ్చయించుకున్నారు. వచ్చేముందు 1919లో స్త్రీల వైద్యం, కంటి వైద్యం మొదలైన విభాగాలలో ఎం.డి. సాధించారు. 1920లో గుంటూరు చేరి, జె.ఎం.జె. సభలో కన్యాస్త్రీగా చేరారు. మఠకన్యలు వైద్యం చేయడం వాడుకలో లేని ఆ రోజులలో జగద్గురువుల ప్రత్యేకానుమతితో వేలాదిమందికి సేవ చేశారు. స్థానిక యువతులకు మందులు కలపడం, కాన్పులు చేయడం, నర్సు పని నేర్పారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. 1957లో మరణించిన ఈ తల్లిని శ్రీసభ 2013లో దైవసేవకురాలుగా గుర్తించింది. పేదవారికి ఏదో ఒక వైద్యం చాలునని ఆమె అనుకోలేదు. పేదవారు గనుకనే వారికి శ్రేష్ఠమైన చదువుతో సేవచేయాలని అనుకున్నారు.

కుటుంబాలు చేయవలసినది

1. డాక్టరుకు నిజం చెప్పండి. తాగుడు అలవాటు, వాడుతున్న నాటుమందులు, పాత జబ్బులు దాచవద్దు. పరగడుపున ఉంచమన్నప్పుడు, పాపం ఆకలిగా ఉన్నాడని చాటుగా ఇడ్లీ పెట్టవద్దు. మత్తులో ఉండగా ఆ తిన్నది ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణం మీదికి రావచ్చు.

2. సంతకం, వేలిముద్ర వేయకముందు తెలుగులో చెప్పించుకోండి. ఏమి ఆపరేషను, ఎందుకు, ఎవరు చేస్తారు, ఏ ప్రమాదం ఉండవచ్చు అని అడగడం మీ హక్కు. ఒక ఆపరేషనుకు ఇచ్చిన సమ్మతి మరొక దానికి చెల్లదని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది.

3. అనుమానం ఉంటే చికిత్స కాగితాలు అడగండి. అడిగిన 72 గంటలలో ఇవ్వాలని వైద్యమండలి 2002 నియమావళి చెబుతోంది. వైద్యసేవ వినియోగదారుల చట్టం క్రిందకు వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. న్యాయం అడగడానికి ఆ తలుపు ఉంది.

4. చేయి చేసుకోవద్దు. అద్దాలు పగులగొడితే పోయిన ప్రాణం తిరిగి రాదు. కొట్టబడిన వైద్యుడు రేపు కష్టమైన కేసును ముట్టుకోడు, పక్క ఊరికి పంపివేస్తాడు. ఆ దారిలో చనిపోయేది మరొక పేదవాడే. మన రాష్ట్రంలో 2008 నుండి ఇది చట్టప్రకారం శిక్షార్హమైన నేరం కూడా.

5. భయపడి వైద్యం మానవద్దు. ప్రార్థన చేయించుకున్నాం గనుక మందులు అక్కరలేదనేవారి మాట వినవద్దు. గురువును పిలిచి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం పొందండి, ఆసుపత్రికీ వెళ్ళండి.

ప్రియులారా, ఆ సువిశేష స్త్రీ కథ ఎలా ముగిసింది? ప్రభువు అంగీని తాకిన క్షణంలోనే ఆమె దేహం బాగైంది. కాని ప్రభువు ఆమెను అలా వెళ్ళనివ్వలేదు. ఎవరు తాకారని అడిగి ఆగాడు. ఆమె వణుకుతూ వచ్చి, కాళ్ళపైబడి, జరిగినదంతా ఉన్నదున్నట్లు చెప్పింది. ఆమె నిజం చెప్పేవరకు ప్రభువు ఓపికతో నిలబడ్డాడు, విన్నాడు, కుమార్తె అని పిలిచాడు, సమాధానంతో పంపాడు. నిజం చెప్పే ధైర్యం ఒకవైపు, వినే ఓపిక మరొకవైపు ఉన్నచోట నమ్మకం బ్రతుకుతుంది. మన వైద్యులకు, నర్సులకు ఆ ధైర్యమూ, మన కుటుంబాలకు ఆ ఓపికా అనుగ్రహించమని పునీత లూకాగారి వేడుదల ద్వారా ప్రార్థించుదాం.

పరమ వైద్యుడవైన యేసు ప్రభువా, ఈ రోజు ఆపరేషను బల్లమీద ఉన్న ప్రతి రోగిని, వారిమీద వంగి ఉన్న ప్రతి చేతిని నీ చేతితో నడిపించుము. ఆమెన్.