పూర్వమార్గముల జాడ

వాక్యభాగము: యిర్మీయా 6:16-21

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో పేర్కొనబడిన క్లౌదియ చక్రవర్తి క్రీ.శ. 43లో బ్రిటను దీవిపైకి తన సేనలను పంపెను. ఆ సేనల వెంబడి రాజమార్గములును వచ్చెను. ఎక్సెటరు నుండి లింకనుకు పోవు ఫాస్ మార్గము, లండను నుండి యార్కుకు పోవు ఎర్మిన్ మార్గము, కెంటు తీరము నుండి లండను మీదుగా సాగు వాట్లింగ్ మార్గము నేటికిని పేరుగాంచియున్నవి. సుమారు 410 నాటికి రోమీయుల పరిపాలన అచ్చట అంతమాయెను. మార్గములను బాగుచేయువారు లేకపోయిరి. కొన్నిటి రాళ్లను గ్రామస్థులు తమ గోడలకై పెరికికొనిపోయిరి. కొన్నిటిపై మన్ను పేరుకొని అవి పొలములాయెను.

మరుగైన మార్గమును పండితులు ఎట్లు కనుగొందురు? ఎత్తుగా పోసిన కట్ట, దానికిరుప్రక్కల కాలువలు, త్రవ్వినప్పుడు బయల్పడు రాళ్ల వరుసలు సాక్ష్యమిచ్చును. విందోలండ కోటచెంత ఒక మైలురాయి తన మొదటి స్థలముననే నేటికిని నిలిచియున్నది. ఆ కోటలో దొరికిన చెక్క పలకలలో ఒకదానిమీద, దారులు చెడియున్నందున తోళ్లను తెప్పించుకొనలేదని ఒకడు వ్రాసిన ఉత్తరమున్నది. ఎంత గట్టి మార్గమైనను ఎడతెగక బాగుచేయనియెడల చెడిపోవునని ఆ పలకయే మనకు బోధించుచున్నది.

అన్నిటికంటె ఆశ్చర్యమైన సాక్ష్యము పైరు ఇచ్చునది. వర్షము సమృద్ధిగా కురిసిన యేట పొలమంతయు ఒకేరీతిగా పచ్చగా నుండును; ఏమియు కనబడదు. కరవు వేసవిలోనైతే రాళ్లపైనున్న పైరు వేళ్లు లోతునకు పోజాలక ముందుగా పసుపుబారును. పూడిన కాలువలపైని పైరు పచ్చగా నిలుచును. 2018 వేసవి యెండలలో బ్రిటను పొలములయందు ఇట్టి పురాతన గుర్తులు అనేకములు విమానములనుండి కనబడెను.

అయితే తిన్ననైన ప్రతి త్రోవయు రోమీయులది కాదు. 18, 19 శతాబ్దములలో పొలములను విభాగించినప్పుడు వేసిన త్రోవలును తిన్నగానే యుండును. గనుక పండితులు పరీక్షింపక నిశ్చయింపరు.

ప్రియ చదువరీ, యెరూషలేము పతనమునకు ముందు దేవుడు తన ప్రజలను మార్గముల కూడలిలో నిలిచి, పూర్వమార్గములనుగూర్చి విచారించుమని పిలిచెను. పాతదైనంత మాత్రమున మేలైనదని ఆయన చెప్పలేదు. వాటిలో మేలు కలుగు మార్గమేదో అడుగుమనెను. ఆ ప్రజలకు ధూపమును బలులును పూర్వాచారములే. అయినను 20వ వచనములో దేవుడు వాటిని నిరాకరించెను. మేలైన మార్గమునకు ఆయన ఇచ్చిన గురుతు ఒక్కటే: అందు నడచువారి ప్రాణమునకు నెమ్మది కలుగును. ఆ నెమ్మదినే మన ప్రభువు మత్తయి 11:29లో వాగ్దానము చేసి, తానే మార్గమని యోహాను 14:6లో బయలుపరచెను.

ఆ గ్రామస్థులు చేసిన పనినే మనమును చేయుచున్నామా? మన పితరులు కన్నీటితో నడచిన విశ్వాసమార్గమునుండి క్రైస్తవ నామము, సంఘ సభ్యత్వము, వివాహారాధన అను రాళ్లను మాత్రము పెరికి మన గోడలలో కట్టుకొంటిమి. ఆ మార్గమున నడచుట మానితిమి. సాయంకాలమున కుటుంబమంతయు మోకాళ్లూనిన స్థలము నేడు వేరొక దానికి ఉపయోగపడుచున్నది. సమృద్ధి దినములలో ఈ భేదము కనబడదు. వ్యాధియో, నష్టమో, మరణమో ఇంట ప్రవేశించినప్పుడు, మన క్రింద ఏమున్నదో తేటపడును.

అట్టి యెండ నీ గృహముపై కాయుచున్నదా? అధైర్యపడకుము. పదునారు వందల సంవత్సరములకు పైగా విడువబడినను ఆ రాళ్లు మన్ను క్రింద నిలిచియున్నవి. మనుష్యులు వేసినదే అట్లు నిలువగా, దేవుడు తన కుమారుని రక్తముచేత తెరచిన మార్గము నశించునా? అది పోలేదు; మనమే మరచితిమి. యూదా ప్రజలు అందులో నడువమని ఉత్తరమిచ్చిరి. నీ ఉత్తరమేమి?

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మేము పూడ్చివేసిన నీ మార్గమును మాకు మరల కనుపరచుము. శోధన దినమున సిగ్గుపడకుండునట్లు, నేడే మా యింటివారితో కూడ అందులో నడచు మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.