సోమరి యెవరు?

సోమరితనమును నిందింపని నీతిగ్రంథము లేదు. బాలురకు మనము నేర్పు మొదటి నీతులలో నిది యొకటి. అయినను సోమరి యనుట యొక నేరారోపణము. నేరము మోపువాడు సాక్ష్యము చూపవలెను గదా! శక్తి యుండియు పని చేయనివాడు సోమరి. శక్తియే లేనివాడు రోగి. చిక్కేమనగా, ఈ యిరువురును పైకి ఒక్కతీరుగనే కనబడుదురు.

రాయచోటి ప్రాంతపు మెట్టచేలను తలచికొందము. అచ్చటి సేద్యము వానను నమ్మినది. వేరుసెనగ పెఱుకు దినములలో కూలిస్త్రీలు ఎండలో నడుము వంచి పనిచేయుదురు. ఒకామె సాలు ముగించి గట్టు చేరును; ఒకామె సగములోనే నిలిచి రొప్పును. చేనిలో మేస్త్రీ ఈ రెండవయామెను సోమరి యనును; ఇంట అత్తయు నదే మాట యనును. ఇరువురు తిన్నదియు సంగటియే. మఱి భేద మెక్కడిది?

శరీరశాస్త్రము చూపు కారణములలో ముఖ్యమైనది కంటికి కానరానిది. కండరములందలి ప్రతి కణములోను మైటోకాండ్రియా యను సూక్ష్మాంగము లున్నవి. అన్నసారమును ప్రాణవాయువుతో మెల్లగా దహించి, యందలి శక్తిని ఏటీపీ యను ద్రవ్యముగా మార్చుట వాని పని. ఈ ద్రవ్యమును 1929లో హార్వర్డునందు సైరస్ ఫిస్కేతో కూడి కనుగొన్నవారు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. జర్మనీలో కార్ల్ లోమనుగారును అదే యేట వేఱుగా కనుగొనిరి. దేహమున దీని నిలువ అత్యల్పము. ఒక్క దినములో వ్యయమగునది దాదాపు మనుష్యుని బరువంత. అనగా నిది కూడబెట్టుకొను సొత్తు కాదు, ఎప్పటికప్పుడు చేసికొనవలసినది. దీనిని చేయుటలో తోడ్పడు సైటోక్రోములకు ఇనుము కావలెను. ప్రాణవాయువును మోసి తెచ్చు రక్తమునకును ఇనుమే కావలెను. ఇనుము కొఱవడినచో పొయ్యికి గాలియు తగ్గును, పొయ్యియు చెడును.

ఈ కొఱత అరుదైనది కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల వయసు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. సింహళమునందు తేయాకు తోటల స్త్రీలకు ఇనుమిచ్చి చూచిన పరిశోధన 1979లో వెలువడినది. రక్తము పుంజుకొన్న కొలది వారు కోసిన ఆకు హెచ్చినది. రక్తము మిక్కిలి తక్కువగా నున్నవారిలోనే మేలును మిక్కిలిగా కనబడినది. మారినది వారి స్వభావము కాదు, రక్తము.

ఇనుముతో తీరని రక్తహీనతయు నొకటి కలదు. బొంబాయి బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణులయం దీ వ్యాధిని లూసీ విల్సుగారు పరిశోధించి, ఈస్టుసారముతో నయమగునని 1931లో ప్రకటించిరి. అందలి గుణము ఫోలిక్ ఆమ్లమునదని పిమ్మట తెలిసినది. ఆ యామ్లమును 1945 నాటికి కృత్రిమముగా చేసినవారు లెడర్లీ పరిశోధనాలయమున సుబ్బారావుగారి బృందమువారే. కండరమందలి శక్తిని వెదకినవారే, రక్తము లేక డస్సిన తల్లికి మందును సమకూర్చిరి.

అట్లయిన సోమరితనమే లేదా, సంకల్పమునకు విలువ లేదా యని చదువరు లడుగవచ్చును. కలదు. ఎలుకలను కొన్ని వారములు క్రమముగా పరుగెత్తించినచో వాని కండరములందలి మైటోకాండ్రియాల దహనశక్తి దాదాపు రెండింతలయ్యెనని 1967లో జాన్ హాలోసీగారు చూపిరి. పని చేయుటచేతనే పని చేయు శక్తి పెరుగును. కావున శ్రమను బోధించు పెద్దలు పొరపడలేదు. కాని, పొయ్యి పెద్దది చేసికొనుటకైనను మొదట కట్టె కావలెను. ఆకలిగొన్నవానికి సాధన బోధించుట నీతి కాదు, నిర్దయ.

కాబట్టి మేము కోరున దొక్క క్రమము మాత్రమే. తీర్పునకు ముందు విచారణ జరుగవలెను. మన యిండ్లలో కడపట తినున దెవరు? ఆమె విస్తరిలో మిగులున దేమి? ఆమె రక్తమును ఎన్నడైన పరీక్ష చేయించితిమా? బడిలో కునుకు బాలికను బెత్తముతో లేపుటకు ముందు, ఆమె యుదయమున నేమి తిన్నదో యడిగితిమా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పి, కొఱత తీర్చి, అటుపిమ్మటను పని చేయకున్నచో నప్పుడు సోమరి యనుడు. అంతవరకు ఆ మాట యనుటకు మనకు హక్కు లేదు.