గంపలో దిగినవాడు

నాయనా, ఉపవాస కూడికలో నీకు కలిగిన దర్శనాన్ని ఉజ్జీవ సభల్లో సాక్ష్యంగా చెప్పమంటున్నారట. నీకు దర్శనం రాలేదని నేననను. దేవుడిచ్చినదాన్ని తూచడానికి నేనెవణ్ణి? స్టేజీ ఎక్కేముందు మాత్రం కొరింథీయులకు పౌలు రాసిన రెండో పత్రిక 11, 12 అధ్యాయాలు ఏకబిగిన చదువు. మనవాళ్లు పన్నెండో అధ్యాయం ఒక్కటే విడదీసి ప్రసంగం చేస్తారు. అసలు సంగతి దానికి ముందే మొదలవుతుంది.

కొరింథు సంఘంలోకి కొందరు బోధకులు దిగారు. సిఫారసు పత్రికలు, మాటకారితనం, గొప్పలు. పౌలు ఉత్తరాల్లో పులి, ఎదుటపడితే పిల్లి అని అక్కడ ఎగతాళి. సంఘం చేజారిపోతోందని ఆయన నోరు విప్పక తప్పలేదు. విప్పినా, ఇది అవివేకం అని మాటిమాటికీ ఒప్పుకుంటూనే. ఇంతకీ చెప్పుకున్నదేమిటి? ఐదుసార్లు 39 కొరడా దెబ్బలు, మూడుసార్లు బెత్తాలు, ఒకసారి రాళ్లు, మూడుసార్లు ఓడ పగలడం. చివరికి దమస్కు. అరెత రాజు కింది అధికారి పట్టణానికి కాపలా పెడితే, గోడ కిటికీలోంచి గంపలో దించగా బయటపడ్డాడు. రోమా సైన్యంలో శత్రువు కోటగోడ మొదట ఎక్కినవాడికి బంగారు కిరీటం పెట్టేవారు. కొరింథేమో క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ మళ్లీ నిలబెట్టిన రోమా వలస పట్టణం. అలాంటి ఊరికి, నేను గోడ దిగి పారిపోయినవాణ్ణి అని రాశాడు చూడు! చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

ఆ వెంటనే మూడో ఆకాశానికి, పరదైసులోకి ఎత్తబడిన సంగతి. అక్కడ ‘నేను’ అనడు, క్రీస్తులో ఉన్న ఒక మనిషి అంటాడు. 14 ఏళ్ల కిందటి మాట అంటాడు. శరీరంతోనా, శరీరం లేకనా అంటే దేవుడికే తెలుసని రెండుసార్లు తప్పుకుంటాడు. విన్న మాటలు పలకకూడనివి, అంతే. లెక్క వేసి చూడు, ఆ 14 ఏళ్లలోనే ఆయన కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు. ఆ రోజుల సంగతి చెప్పే అపొస్తలుల కార్యాల్లో ఈ పరదైసు ఊసే లేదు.

దమస్కు దారిలోని వెలుగు గురించి అగ్రిప్ప రాజు ముందు కూడా చెప్పాడుగా అంటావు. చెప్పాడు. అందులో ఉన్నది తాను చేసిన హింస, పిలిచిన ప్రభువు, అప్పగించిన పని. అది దాస్తే పని ఆగుతుంది. పరదైసు సంగతి దాస్తే ఎవరికీ నష్టం లేదు, చెబితే పౌలే పెద్దవాడవుతాడు. నీ దర్శనం ఏ పక్కదో నువ్వే చూసుకో. తనలో కనబడేదానికీ తన నోట వినేదానికీ మించి ఎవరూ తనను ఎంచకూడదన్నదే ఆయన భయం. నీ దర్శనాన్ని ఎవరూ సరిచూడలేరు. అప్పు తీరుస్తున్నావా, ఇంట్లో ఎలా మాట్లాడుతున్నావన్నది వీధంతా చూస్తుంది.

ఇక పరదైసు మాట వెంటనే ఆయన చెప్పిన, తన శరీరంలోని ముల్లు. కంటి జబ్బని ఒకరు, మలేరియా అని మరొకరు ఊహిస్తూనే ఉన్నారు. ఆయన మాత్రం పేరు చెప్పలేదు. తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, ప్రభువు తీయలేదు, తన కృప చాలన్నాడు. పరదైసులో విన్నది కడుపులో దాచుకున్న మనిషి, అడిగింది దొరకలేదన్న మాట మాత్రం దాచలేదు.

పాస్టరు గారు మరీ బలవంతపెడితే మైకు తీసుకో. మీ అమ్మ మోకాళ్ల కోసం ఇన్నాళ్లుగా ప్రార్థన చేస్తున్నావు, నొప్పి తగ్గలేదు. అయినా ఆవిడ ఒక్క ఆదివారమూ మానలేదు. అది చెప్పు. ముందు ఆవిణ్ణి అడిగి చెప్పు.