చిరంజీవికి ఎన్ని లైఫులు?

ఎవరి దేవుడు పెద్ద అనే పంచాయితీ మా వైపు కొత్తది కాదు. తిరుమలగిరి నుంచి ఉత్తరంగా పోతే పాలకుర్తి. శివుణ్ణి తప్ప ఇంకొకరిని లెక్కచేయని పాల్కురికి సోమనాథుడి ఊరు. దక్షిణంగా సూర్యాపేట దిక్కు పోతే పిల్లలమర్రి. అక్కడ కాకతీయుల నాటి శివాలయాలతోపాటు చెన్నకేశవుడి గుడీ ఉంది. చౌరస్తా దగ్గర నేను వీడియో గేముల షాపు నడిపిన రోజుల్లో పాలకుర్తి రకం భక్తులే ఎక్కువగా వచ్చేవాళ్లు.

రెండు టీవీలు, రెండు ప్లేస్టేషన్ 2లు, మూలన ఒక పాత కేసెట్ల డబ్బా. గంటకు 20 రూపాయలు. మార్కెట్‌కు వడ్లు తెచ్చిన రైతులు కాంటా అయ్యేదాకా పిల్లల్ని నా దగ్గర కూర్చోబెట్టి పోయేవాళ్లు. షాపులో ఎక్స్‌బాక్స్ లేదు, కానీ ఎక్స్‌బాక్స్ భక్తుడొకడు ఉండేవాడు. హైదరాబాదులో మేనమామ ఇంట్లో ఒక్కసారి చూసొచ్చాడట. "అన్నా, నీ సోనీ దాని ముందట దేనికీ పనికిరాదు. గ్రాఫిక్స్ జూస్తే కండ్లు తిరుగుతయ్" అనేవాడు. ఇంట్లో ఏ డబ్బా లేని ఇంకో పిల్లాడు సోనీ తరఫున కొట్లాటకు దిగేవాడు. తనది కానిదాని మీద ఇంత పట్టుదల ఏమిటా అని నవ్వొచ్చేది. ఆలోచిస్తే భక్తి అంతా అట్లాంటిదే.

వాళ్ల వాదమంతా బలం గురించే. కంపెనీలదీ అదే వరస. సెగా తన 16 బిట్ల యంత్రాన్ని చూపించుకుంటూ, నింటెండోను ప్రకటనల్లో పేరు పెట్టి మరీ ఎగతాళి చేసింది. 2001లో అదే సెగా డబ్బాలు తయారు చేయడం మానుకుని, నింటెండో డబ్బాకు ఆటలు రాసుకుంది. 2007లో సెగా హీరో సోనిక్, నింటెండో హీరో మారియో ఒకే ఒలింపిక్స్ ఆటలో పరుగెత్తారు. భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చిన తిక్కన చూసుంటే మురిసిపోయేవాడు. 2025లో ఎక్స్‌బాక్స్ చేసే మైక్రోసాఫ్ట్ కూడా తన ఇలవేల్పు లాంటి హేలో ఆటను ప్లేస్టేషన్‌కు తెస్తామని ప్రకటించింది. అసలు బలమే గెలిపిస్తుందన్న లెక్క ఎప్పుడు నిలబడింది గనక? 1989 నాటి గేమ్ బాయ్ తెరకు రంగులే లేవు. రంగుల తెరతో వచ్చిన సెగా గేమ్ గేర్ దాని ముందు నిలవలేదు. 2006లో వచ్చిన నింటెండో వీ, ప్లేస్టేషన్ 3 ముందు బక్కప్రాణి. అయినా పది కోట్లకు పైగా అమ్ముడుపోయి ఆ తరంలో ముందు నిలిచింది అదే.

మరి మజా ఎక్కడుంది? నా మూలనున్న పాత డబ్బాలో కాంట్రా ఆట ఉండేది. మూడే లైఫులు. మొదట్లో పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, తర్వాత బి, ఎ నొక్కితే ముప్పై వస్తాయి. జపాన్‌లో కజుహిసా హషిమోటో అనే ప్రోగ్రామర్, 1986లో గ్రాడియస్ అనే ఆటను పరీక్షిస్తూ అది తన వల్ల కాక, తన సౌకర్యానికి పెట్టుకున్న దొడ్డిదారి ఇది. మా చౌరస్తా దాకా ఎట్లా వచ్చిందో దేవుడికెరుక. ముప్పై లైఫులవాడు ఆట ముగించి లేచిపోయేవాడు, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. మూడు లైఫులతో ఆడేవాడి వెనక మాత్రం గుంపు కట్టేది. చివరి లైఫు దగ్గర నోట్లో పల్లీలు నమలడం కూడా మరిచిపోయేవాళ్లు.

అన్నీ చేయగల దేవుడికి మరి ఆటలో ఏం మజా? ఏ కొరతా లేనివాడు లోకాన్ని ఎందుకు సృష్టించాడన్న ప్రశ్నకు బ్రహ్మసూత్రాల్లో బాదరాయణుడు లీల అని జవాబు చెప్పాడు. శంకరులు దాన్ని అన్ని కోరికలూ తీరిన రాజు వినోదంతో పోల్చారు. నాకా పోలిక సగమే ఒప్పుతుంది. ఎప్పుడూ తానే గెలిచే ఆట అయితే ఆ రాజుకు రెండో రోజుకే విసుగొస్తుంది. పురాణాలు చెప్పినవాళ్లకు ఈ కిటుకు తెలుసు. అందుకే దేవుణ్ణి హద్దుల్లో పెట్టి కిందికి దింపారు. రాముడు భార్య జాడ తెలియక చెట్టునూ పుట్టనూ అడిగాడు. యశోద ఎంత తాడు తెచ్చినా రెండంగుళాలు తక్కువైతే, చివరికి కృష్ణుడే రోటికి కట్టించుకున్నాడు. హనుమంతుడైతే ఋషుల శాపంతో, జాంబవంతుడు గుర్తుచేసేదాకా తన బలం తానే మరిచాడు. అంత బలవంతుడు వాలిని ఎందుకు చంపలేదని ఉత్తరకాండలో రాముడే అగస్త్యుణ్ణి అడుగుతాడు. గుర్తుంటే చంపేవాడే. అప్పుడిక రామాయణం సాగేదెట్లా?

ఈ హనుమంతుడినే 2009లో హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ వాళ్లు ప్లేస్టేషన్ 2లోకి తెచ్చారు. ఆట పేరు 'హనుమాన్: బాయ్ వారియర్'. కొలిచే దేవుణ్ణి రిమోటుతో ఆడించడం చులకన చేయడమేనని అమెరికాలోని నెవాడా నుంచి రాజన్ జెడ్ అనే హిందూ నాయకుడు అభ్యంతరం చెప్పారు, ఆటను వెనక్కి తీసుకోమని సోనీని కోరారు. నా షాపులో గాడ్ ఆఫ్ వార్ పెట్టి గ్రీకుల యుద్ధదేవుణ్ణి చంపుతుంటే ఎవరూ కిమ్మనలేదు. ఆయనకు తిరుమలగిరిలో భక్తుల్లేరు మరి. అయినా జెడ్ మాటను కొట్టిపారేయలేను. సంగతి విని మా అమ్మ కూడా అదే అడిగింది: "హనుమంతుడు చిరంజీవి గదరా. పోరగాండ్లు ఆడరాక ఓడగొడితే ఎట్ల? ఆయనకెన్ని పానాలు పెట్టిండ్రు?"

మా పెదనాన్న చిరుతల రామాయణంలో హనుమంతుడి వేషం కట్టేవాడు. వేషం ఉన్నంతసేపు బీడీ ముట్టేవాడు కాదు. బ్రహ్మాస్త్రానికి కట్టుబడే ఘట్టంలో రాక్షస వేషగాళ్లు నిజంగానే రెండు తగిలించేవాళ్లు. ముందు వరసలో ఆడవాళ్లు కళ్లు ఒత్తుకునేవాళ్లు. దేవుడు ఓడిపోయాడని లేచిపోయినవాళ్లు లేరు. "పెదనాయినను కట్టేసినప్పుడు నువ్వే ఏడ్సినవ్ గదనే అమ్మా" అన్నాను. అమ్మ తడుముకోలేదు. "గాయన ఒక్కపొద్దున్నడు. నీ పోరగాండ్లుంటరా?"

ఉండరు. అయితే చివరి లైఫు దగ్గర వాళ్ల మనసు ఇంకెక్కడికీ పోదని నేను సాక్ష్యం చెప్పగలను. రోటికి కట్టించుకున్నవాడు రిమోటు వైరుకు కట్టుబడితే మైల పడడు. ఆ ఆటకు విమర్శకులు పెదవి విరిచింది కూడా దేవుణ్ణి పెట్టినందుకు కాదు, ఆట బాగా కుదరనందుకు. నా లెక్కలో అపచారమంటూ ఉంటే అదే.

మన దేవుళ్లతో ఆటలు కట్టబోయే హైదరాబాదు పిల్లలకు ఒక విన్నపం. హనుమంతుడికి మొదట్లోనే కొండంత బలం ఇచ్చేయకండి. శాపంతో మొదలుపెట్టండి, జాంబవంతుణ్ణి తొందరగా రానివ్వకండి.