జెట్లో గుండుసూది పెట్టకు, అల్లుడూ

అల్లుడూ,

బావ బుల్లెట్‌ని షెడ్డులోంచి బయటికి తీశావనీ, కిక్కు కొట్టీ కొట్టీ నీ కాలు వాచిందనీ అక్క ఫోన్లో చెప్పింది. బండి తీసినందుకు సంతోషం. మోకాళ్ల నొప్పులొచ్చిన దగ్గర్నుంచి బావ దాని మీద చెయ్యే వెయ్యలేదు. అయితే ఎవరో మెకానిక్ చూసి "కార్బొరేటర్ పోయింది, కొత్తది వేసెయ్" అన్నాడట, నువ్వూ సరేనన్నావట. ఆ మాట విన్నాక ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

కార్బొరేటర్ అంత తేలిగ్గా పోదురా. దానిలో తిరిగే చక్రాల్లేవు, కాలిపోయే వైర్లు లేవు. అరిగేవి నాలుగైదు ఉంటాయి: పైకీ కిందికీ ఆడే స్లైడు, దాని కింద వేలాడే సూది, ఆ సూది దిగే నీడిల్ జెట్టు, ఫ్లోటు కదిపే చిన్న వాల్వు పిన్ను, రబ్బరు రింగులు. మిగతాదంతా లోహపు దిమ్మ, దానిలో సన్నటి దారులు. ఆ దారులు మూసుకుపోతే తెరవాలి, అంతే. నేను చూసినంతలో వయసు మీదపడి చెడిన కార్బొరేటర్ల కంటే తొందరపాటు చేతుల్లో చెడినవే ఎక్కువ.

దాన్ని విప్పే ముందు తప్పు అక్కడే ఉందని తేల్చుకో. బండి స్టార్ట్ కాకపోతే అందరూ పాపం దాని నెత్తినే రుద్దుతారు. పెట్రోల్ పైపు ఊడదీసి ట్యాప్ తిప్పి చూడు, ధార సరిగ్గా వస్తోందా లేదా. ట్యాంకులో తుప్పు రేగితే ట్యాప్ లోపలి జాలీ పూడుకుపోతుంది. ప్లగ్గు తీసి ఇంజన్‌కి ఆనించి కిక్కు కొడితే నీలంగా, గట్టిగా నిప్పురవ్వ పడాలి. బావది పాత ఇనప ఇంజన్ బండి, అందులో నిప్పురవ్వ కోసం పాయింట్లు ఉంటాయి. ఇన్నాళ్లు నిలబడితే వాటి మీద పొర కడుతుంది, రుద్ది శుభ్రం చెయ్యి. ఎయిర్ ఫిల్టర్లో ఎలుకలు గూడు పెట్టలేదని కూడా చూసుకో. ఇవన్నీ బాగున్నాయంటే అప్పుడు కార్బొరేటర్ దగ్గరికి రా.

నిలబడ్డ బండిలో జరిగేది ఇది. కార్బొరేటర్ అడుగున ఉండే ఫ్లోట్ బౌల్‌లో మిగిలిన పెట్రోల్లో పలచటి భాగం ముందు ఆవిరైపోతుంది. అడుగున జిగురు మిగిలి, ఎండి, పసుపు గోధుమ రంగు వార్నిష్‌లా గట్టిపడుతుంది. బౌల్ తెరవగానే పాత పెయింటు డబ్బా వాసన కొడుతుంది చూడు, అదే. ఇప్పటి పెట్రోల్‌తో ఇంకో చిక్కు ఉంది. 2023 నుంచి బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చింది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. నీళ్లు మోతాదు మించితే ఇథనాల్‌తో కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకి చేరతాయి. కాకినాడ లాంటి తేమ ఊళ్లో ఉన్న మీకు ఇది మరీ ముఖ్యం. బౌల్ అడుగున సున్నంలా తెల్లటి పొడి కనిపిస్తే నీళ్లు లోహాన్ని తిన్నాయని అర్థం. పాత రబ్బరు పైపులూ రింగులూ కూడా ఈ పెట్రోల్‌కి ఉబ్బుతాయి, పగుళ్లిస్తాయి. అందుకే విప్పిన ప్రతిసారీ రబ్బర్లు కొత్తవి వెయ్యి, వాటికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక విప్పడం. ఆరుబయట కూర్చో. వంటింటి పక్కన గానీ దీపం దగ్గర గానీ వద్దు. కింద తెల్లగుడ్డ పరుచుకో, ఏదైనా జారితే కనిపిస్తుంది. ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకో. మా రోజుల్లో ఆ సదుపాయం లేదు, నీకుంది, వాడుకో. బౌల్ స్క్రూలు ఏళ్ల తరబడి బిగుసుకుని ఉంటాయి, పైగా మెత్తని లోహం. గాడిలో సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్ లేకుండా వాటి జోలికి పోకు. తల అరిగిపోయిన స్క్రూని తీయడానికి పూట పడుతుంది. రాకపోతే తుప్పు వదిలించే నూనె కొట్టి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే తల మీద చిన్నగా తట్టి తిప్పు. తొందరేముంది, బండి ఎక్కడికీ పోదు కదా.

పక్కన స్ప్రింగుతో ఒక చిన్న స్క్రూ ఉంటుంది, ఎయిర్ స్క్రూ. దాన్ని ఊడదీసే ముందు మెల్లగా లోపలికి తిప్పుతూ, ఎన్ని చుట్లకి ఆనిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకో. మామూలుగా ఒకటిన్నర చుట్టు దగ్గర ఉంటుంది. ఆనిన తర్వాత ఇంకొంచెం అని బిగించావంటే ఆ సన్నటి మొన మీద గీత పడి, ఇక ఏ ట్యూనింగూ నిలవదు.

బౌల్ తీస్తే మధ్యలో కనిపించేది మెయిన్ జెట్టు. దాని పక్కన లోతైన గుంటలో దాక్కుని ఉండేది పైలట్ జెట్టు, షాపుల్లో స్లో జెట్ అంటారు. నీ బండి సమస్యంతా బహుశా ఆ ఒక్కదానిలోనే ఉంది. ఐడిల్‌లో ఆగిపోవడం, చోక్ వేస్తే తప్ప అందుకోకపోవడం, కొంచెం యాక్సిలరేటర్ తిప్పగానే గుటకలు మింగడం, ఇవన్నీ దాని గుర్తులే. యాక్సిలరేటర్ మొదటి పావు భాగం వరకూ పెత్తనం దానిది. మధ్యలో సూదిది. ముప్పావు దాటాక మెయిన్ జెట్‌ది. ఈ లెక్క గుర్తుంచుకుంటే బండి ఏ దశలో ఇబ్బంది పెడుతోందో చూసి ఎక్కడ వెతకాలో నువ్వే చెప్పగలవు.

పైలట్ జెట్టుని సన్నటి స్క్రూడ్రైవర్‌తో తీసి, వెలుతురుకి ఎదురుగా పట్టి చూడు. ఎదటి నుంచి ఒక చుక్క వెలుగు, గుండ్రంగా, అంచు తెగకుండా కనిపించాలి. ఆ రంధ్రం మిల్లీమీటరులో నాలుగో వంతు ఉంటుందేమో. వెలుగు కనిపించకపోయినా, అర్ధచంద్రంలా కనిపించినా లోపల జిగురుందన్నమాట. ఇక్కడే ఎవరికైనా చెయ్యి గుండుసూది మీదికి పోతుంది. పొరపాటున కూడా పెట్టకు, నాన్నా. అది ఇత్తడి, సూది ఉక్కు. ఒక్క గీత పడిందా, ఆ రంధ్రం కొలత మారిపోయినట్టే. జెట్టు మీద చెక్కిన నంబరు ఒకటి, అది పోసే పెట్రోల్ ఇంకొకటి అవుతుంది. తర్వాత ఎంత ట్యూనింగ్ చేసినా మైలేజీ రాదు, ప్లగ్గు నల్లబడుతూనే ఉంటుంది, కారణం ఎవరికీ అంతు చిక్కదు. కార్బ్ క్లీనర్ స్ప్రేలో జెట్టుని నానబెట్టు. గంటకి కరక్కపోతే రాత్రంతా ఉంచు. ఆ తర్వాత పంక్చర్ షాపులో గాలి కొట్టించు. అప్పటికీ తెరుచుకోకపోతే అదే నంబరున్న కొత్త జెట్టు కొను.

జెట్టు శుభ్రమైతే సగం పనే అయింది. అది కూర్చునే దారి కూడా తెరుచుకోవాలి. రబ్బరు రింగులన్నీ ముందే తీసి, కళ్లకి అద్దాలు పెట్టుకుని, స్ప్రే గొట్టాన్ని పైలట్ జెట్టు గుంటలో ఆనించి నొక్కు. స్లైడు దిగే చోట, ఇంజన్ వైపు, కార్బొరేటర్ గొట్టం అడుగున సూదిమొనంత చిల్లులు కనిపిస్తాయి. వాటిలోంచి సన్నటి ధార చిమ్మాలి. ఒకదాన్ని వేలితో మూస్తే రెండోదానిలోంచి జోరు పెరగాలి. ఎయిర్ స్క్రూ రంధ్రంలోంచీ, ఎయిర్ ఫిల్టర్ వైపు నోట్లో ఉండే చిన్న చిల్లులోంచీ కూడా రావాలి. ఇన్ని చోట్లా ధార చూసేదాకా కార్బొరేటర్ శుభ్రమైందని అనకు. పైపైన బ్రష్ కొట్టి తళతళలాడించి ఇచ్చే చాలామంది ఈ ఒక్కటీ చూడరు, అందుకే వారానికే బండి మళ్లీ మొరాయిస్తుంది.

ఫ్లోటు విషయం ఒక్క మాటలో. చెవి దగ్గర ఊపి చూడు, లోపల పెట్రోల్ చప్పుడైతే మార్చెయ్. అది కదిపే పిన్ను మొన మీద చుట్టూ గాడి పడితే పిన్నూ సీటూ జతగా మార్చు. పిన్ను సరిగ్గా మూయకపోతే వచ్చే ఓవర్‌ఫ్లోని తేలిగ్గా తీసుకోవద్దు. కారిన పెట్రోల్ నేల మీద పడితే నయమే, కొన్నిసార్లు ఇంజన్లోకి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. అందుకే ఈసారి స్టార్ట్ చేసే ముందు ఆయిల్ మూత తీసి వాసన చూడు. పెట్రోల్ వాసనొస్తే ఆయిల్ మార్చకుండా కిక్కు కొట్టొద్దు.

బిగించేటప్పుడు స్లైడు దగ్గర జాగ్రత్త. దాని అంచు ఒకవైపు కోసినట్టు ఉంటుంది, ఆ కోత ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండాలి. పక్కనున్న గాడిలో లోపలి మేకు పడాలి. తప్పుగా కూర్చుంటే స్లైడు పైనే ఇరుక్కుంటుంది, స్టార్ట్ కాగానే ఇంజన్ అరుస్తూ పైకెళ్లిపోతుంది. కిక్కు కొట్టే ముందు యాక్సిలరేటర్ తిప్పి వదులు, స్లైడు 'టక్'మని కింద పడిన చప్పుడు నీకు వినబడాలి. కార్బొరేటర్‌ని ఇంజన్‌కి పట్టించే నట్లు రెండూ కొంచెం కొంచెంగా, సమంగా బిగించు. ఒకేవైపు లాగితే ముఖం వంగి గాలి దూరుతుంది. అలా గాలి దూరితే ట్యూనింగ్‌కి లొంగదు, ఇంజన్ వేడెక్కిపోతుంది.

స్టార్ట్ చేసేటప్పుడు ఇంకోటి. బావ బండిలో ఉండే ఈ మికుని కంపెనీ తరహా కార్బొరేటర్లో చోక్ వేసినప్పుడు యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు. స్లైడు మూసి ఉంటేనే ఇంజన్ ఆ చోక్ దారి గుండా పెట్రోల్ పీల్చుకుంటుంది. నీ కాలు వాచడానికి ఇదీ ఒక కారణమై ఉండొచ్చు.

ట్యూనింగ్ చల్లటి ఇంజన్ మీద చెయ్యకు. నాలుగైదు కిలోమీటర్లు తిప్పి తీసుకురా. ఐడిల్ కొంచెం పెంచి, ఎయిర్ స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పుతూ చెవి పెట్టి విను. ఇంజన్ ఎక్కడ వేగంగా, తడబడకుండా ఆడుతుందో అక్కడ ఆపి, అప్పుడు ఐడిల్ తగ్గించు. నీ బండిలో ఆ స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటుంది కాబట్టి లోపలికి తిప్పితే గాలి తగ్గి పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఇంజన్ వైపు స్క్రూ ఉండే బళ్లలో ఇది తలకిందులు. స్నేహితుడి బండి మీద చెయ్యి వేసే ముందు అది చూసుకో. బుల్లెట్ డుగు డుగు శబ్దం కోసం ఐడిల్ మరీ కిందికి దించుతున్నారు కుర్రాళ్లు. ఆయిల్ పంపు ఇంజన్ తిరిగే వేగాన్ని బట్టే ఆయిల్ తోస్తుంది, శబ్దం కోసం ఇంజన్‌ని ఎండబెట్టకు. కొన్నాళ్లు నడిపాక ప్లగ్గు తీసి చూడు. లేత గోధుమ రంగు మంచిది, మసి పడితే పెట్రోల్ ఎక్కువ, సున్నంలా తెల్లబడితే తక్కువ. ఇథనాల్ పెట్రోల్‌తో మిశ్రమం కాస్త పలచబడుతుంది కాబట్టి తెల్లబడే అవకాశమే ఎక్కువ. అప్పుడు సూది క్లిప్‌ని ఒక గాడి కిందికి దించు, సూది పైకి లేచి పెట్రోల్ పెరుగుతుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చు. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో నీకే తెలియదు.

2020 ఏప్రిల్లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక బుల్లెట్ కూడా ఇంజెక్షన్‌కి మారిపోయింది. ఇప్పుడు పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు కంప్యూటర్ తగిలించి చూడటానికే అలవాటు పడుతున్నారు, వాళ్ల తప్పూ లేదు. కానీ బావ బండిని నువ్వు ఇంకో ఇరవయ్యేళ్లు నడపాలంటే ఈ పని నీ చేతికే రావాలి. భాగాలు కావాలంటే బెజవాడ ఆటోనగర్‌లో అడుగు. పాత జెట్టు, పాత పిన్ను చేత్తో పట్టుకెళ్లి, నంబరు సరిపోల్చుకుని తీసుకో. కిట్టు మొత్తం చవగ్గా దొరుకుతోందని నకిలీది కొనకు, వాటిలో జెట్ల కొలతలు నమ్మడానికి లేదు. అసలు కార్బొరేటర్‌ని మాత్రం ఎవరు ఎంత ఇస్తానన్నా ఇవ్వకు, మారకం కింద వదిలెయ్యకు.

బండి ఆపిన ప్రతిసారీ పెట్రోల్ ట్యాప్ మూసెయ్. రెండు మూడు వారాలు తీయనని తెలిస్తే బౌల్ కింద స్క్రూ వదులు చేసి ఉన్న పెట్రోల్ దింపేసి పెట్టు.

మీ మామయ్య