బాబు గది గోడకు



శైలజా, ప్రొద్దుటూరు ఇంట్లో బాబు గదికి ఏ పటాలు తగిలించాలని అడిగావు. ఏ పటం అనుకునే ముందు అది ఎవరి కోసమో తేల్చుకో, అమ్మా. మన ఇళ్లల్లో పిల్లల గోడలు చాలామటుకు పెద్దల కోరికలతోనే నిండుతున్నాయి. ఎక్కాల చార్టు, ఇంగ్లీషు అక్షరాల చార్టు, వాటి పక్కన పెద్ద ఉద్యోగం గురించి ఒక హితబోధ. నాలుగేళ్ల బిడ్డ నిద్ర లేస్తూనే చూసేది తనకింకా రాని పాఠమైతే ఆ గది మనదే గానీ వానిది కాదు. వాని గోడ మీద ఉండాల్సింది వాడు తనంతట తాను చూడగలిగిన బొమ్మ.

అట్లాంటి బొమ్మ కోసం దూరం పోనక్కరలేదు. ముద్దనూరు మండలం చింతకుంట కొండరాళ్ల మీద వేల ఏళ్లనాటి చిత్రాలున్నాయి. ఎక్కువగా జేగురు రంగువి: మూపురం ఎద్దులు, జింకలు, మనుషులు. అక్కడి ఒక బండను ఊరివాళ్లు ఎద్దుల ఆవుల గుండు అంటారు. వేసినవాళ్లు ఎవరో, ఎందుకు వేసినారో మనకు తెలియదు. అయినా చూసినవాళ్లు ఎద్దును పోల్చుకుని బండకు ఆ పేరే పెట్టుకున్నారు. అక్షరం రాని కంటికీ బొమ్మ అందుతుందనడానికి ఇంతకన్నా రుజువేముంది? కర్నూలు వైపు కేతవరంలోనూ ఇట్లాంటి రాతి చిత్రాలున్నాయి. చింతకుంట ఎద్దు ఫోటోను మంచి ప్రింటు వేయించి పెట్టు. వీధిలో చూసిన ఎద్దుతో వాడే పోల్చుకుంటాడు, దానికొక కథ అల్లుతాడు.

చార్టులుంటే చదువు తొందరగా వస్తుంది కదా అంటావు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించిన పరిశోధనలో, గోడలు నిండా అలంకరించిన తరగతిలో చిన్నపిల్లల ధ్యాస ఎక్కువ చెదిరింది, బోసి గోడల మధ్య చెప్పిన పాఠమే బాగా వంటబట్టింది. పడకగది తరగతి కాదు, నిజమే. కానీ గోడ నిండితే బిడ్డకు మేలన్న మన నమ్మకాన్ని అది గట్టిగానే ప్రశ్నిస్తుంది. అందుకే రెండు పటాలు చాలు. మిగతావి బీరువాలో ఉంచి, వాడు చూడడం మానేసినప్పుడు మార్చు. చార్టును నువ్వు వానితో కూర్చుని చదివించే చోట పెట్టుకో. దేవుని పటం కావాలంటే వానికి భయం పుట్టించనిది ఒకటి ఉండనీ.

ఎత్తు విషయంలో మనం ఎక్కువగా పొరబడతాం. ద్వారబంధం పైన కట్టిన పటం తలెత్తి మొక్కడానికి బాగుంటుంది. లేపాక్షి చిత్రాలూ గుడి కప్పు మీదే ఉన్నాయి. కానీ బిడ్డ రోజూ చూడాల్సింది నేల నుంచి మూడడుగుల ఎత్తులో ఉండాలి. చెయ్యి పెడతాడు, గీకుతాడు, చింపుతాడు. చింపనీ, ప్రింటు మళ్లీ వేయించవచ్చు. అద్దం బదులు ఆక్రిలిక్ షీటు వేయించు, మంచం పైన మాత్రం బరువైనదేదీ మేకుకు తగిలించొద్దు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు దీపాల తొడుగులు కూడా చేస్తున్నారు. అది తెచ్చుకుంటే వాని చేతికందనంత ఎత్తున, ఎండ పడని చోట పెట్టు. లోపల దీపం మాత్రం వెలగనీ, తోలు మీది రంగులు వెనక వెలుగుంటేనే పలుకుతాయి.

విడి గది లేని ఇళ్ల సంగతేమిటంటే, పక్క వేసే చోట ఒక మూర గోడ చాలు. ఇక గోడలన్నీ గీసేస్తాడని మీ ఆయన బెంగ కదా? నల్లని కడప బండ పలక ఒకటి వాని ఎత్తుకు అందేట్టు సిమెంటుతో పెట్టించి, పక్కన సుద్దముక్కలుంచండి. సాయంత్రం తుడిచే ముందు మాత్రం అదేం బొమ్మో వాన్ని అడగండి.