విపణి పరిత్యాగం – నైతిక బాధ్యత: చీమకుర్తి గ్రానైట్ సందర్భం

దేశాల మధ్య ఘర్షణ తలెత్తినప్పుడు ఎదుటి దేశపు విపణిని వదులుకోవడం వ్యాపారసంస్థకు ధర్మమా? 2020 జూన్ 15న గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. అదే నెల 29న కేంద్రప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది. చీమకుర్తి ‘బ్లాక్ గెలాక్సీ’ గ్రానైట్ దిమ్మెలకు ఆ చైనాయే ప్రధాన విపణి. యాప్ పోతే వినియోగదారుకు కలిగే నష్టం స్వల్పం. ఎగుమతి ఆగితే ముందుగా ఉపాధి కోల్పోయేది క్వారీ కూలీ. నిర్ణయం ఒకరిది, మూల్యం మరొకరిది అయినప్పుడు దానిని త్యాగమనలేము. అలాగని కూలీ బతుకును లాభాపేక్షకు కవచంగా వాడుకోవడమూ ధర్మం కాదు. వైదొలగే సంస్థ కూలీ నష్టాన్ని తాను భరించాలి. కొనసాగే సంస్థ లాభంలో అతని వాటాను చూపాలి. ఈ పరీక్షకు నిలవని నిర్ణయం, ఏదైనా, వ్యాపారమే అవుతుంది గాని ధర్మం కాదు.